కుడి మోచేతి మెత్త

పెళ్లయి అయిదు వారాలైంది. ఈ అయిదు వారాల్లో కత్తెరమ్మాయికి నచ్చనిదంటూ ఏదీ తగల్లేదు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని మీద ఒకటి వాలి నిలబడటం నచ్చింది. కొత్త తాళంచెవి పర్సులో గలగలమనడం నచ్చింది. ఎంత బిగించినా కారే వంటింటి కుళాయి కూడా, ఎవరో పాటకి తాళం వేస్తున్నట్టుందని, నచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది మాత్రం భర్త కాగితం మడిచే తీరు.

ఆయన ఏ కాగితమైనా మూడు మడతలు పెడతాడు. పెట్టి, అంచు మీద బొటనవేలి గోటితో సర్రు సర్రుమని రెండుసార్లు గీస్తాడు. కూరగాయల చీటీ అయినా అంతే, కరెంటు బిల్లయినా అంతే. రోజూ పొద్దున ఆమె టిఫిన్ డబ్బా మూత కింద పెట్టే చీటీ కూడా అంతే. అందులో కావ్యాలేమీ ఉండవు. 'గొడుగు మర్చిపోకు' అని ఒకరోజు, 'నిన్న అంతసేపు ఎందుకు నవ్వావు?' అని ఇంకోరోజు. ఆమె వాటన్నిటినీ సూదుల డబ్బాలో దాచుకుంది. మధ్యాహ్నం తిండి ముందా చీటీ ముందా అంటే, ఆకలి నకనకలాడుతున్నా చీటీయే ముందు.

ఆమె పనిచేసేది ఒక దర్జీ షాపులో. కొలతలు చూసి బట్ట కత్తిరించడం ఆమె పని కాబట్టి అందరూ కత్తెరమ్మాయి అనే పిలుస్తారు. డిగ్రీ చదివి కత్తెర పట్టిందేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లే, ఇప్పుడు తమ చొక్కా ఆమే కోయాలని పట్టుబడుతున్నారు. భర్త జాతీయ ఫుట్‌బాల్ సంఘం ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో మూడో మనిషి మరిది. పేరుకి చిన్నోడు. పొడవు మాత్రం ఆరడుగుల మూడంగుళాలు. తల వంచకుండా వంటింట్లోకి రాలేడు. హాల్లో మంచం మీద పడుకుంటే కాళ్లకింద స్టూలు వేసుకోవాలి. అతను గోల్‌కీపర్. ఆదివారం జాతీయ జట్టుకి ఎంపిక పోటీలున్నాయి. ఇరవై ఏడు నిండినవాళ్లని కొత్తగా తీసుకోరు. చిన్నోడికి వచ్చే నెల ఇరవై ఏడు నిండుతాయి. ఈసారి చోటు దొరక్కపోతే ఇక ఎప్పటికీ దొరకదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు. కానీ అతను చేతి తొడుగులు ఉతికి కిటికీకి ఆరేసినప్పుడల్లా ముగ్గురూ వాటివంక ఓసారి చూసి కళ్లు తిప్పుకుంటారు.

జాతీయ జట్టు సంగతి చెప్పాలంటే నోరు చేదవుతుంది. వరసగా తొమ్మిది మ్యాచ్‌లు ఓడింది. షాపు యజమాని మాస్టారుకి ఒకప్పుడు ఆ జట్టంటే ప్రాణం. గోడకి ఫొటో కట్టించి పెట్టాడు. ఏడో ఓటమి తర్వాత ఆ ఫొటోని గోడవైపు తిప్పేశాడు.

"తీసేయొచ్చుగా మాస్టారూ?" అని అడిగిందామె.

"తీసేస్తే గోడ మీద మచ్చ కనబడుతుంది. ఇలా ఉంటే కనీసం మొహాలు కనబడవు" అన్నాడాయన.

తొమ్మిదో ఓటమి తర్వాత క్రీడల మంత్రి ఒక విచారణ సంఘం వేశాడు. ఆ సంఘం మూడు పెద్ద హోటళ్లలో మూడుసార్లు సమావేశమై, తప్పంతా జెర్సీలదని తేల్చింది. బయటిదేశం నుంచి తెప్పించినవి చంకల్లో పట్టేస్తున్నాయట. ఇకనుంచి మన దర్జీలే కుట్టాలి, ఆటగాళ్లని అందరి కళ్లెదుటా పోటీ పెట్టి ఎంచాలి అని మంత్రి గుండె మీద చెయ్యేసుకుని టీవీలో చెప్పాడు. మంత్రిగారింటి సూట్లు ఏళ్ల తరబడి కుట్టేది మాస్టారే కాబట్టి జెర్సీల పని కూడా తిన్నగా ఈ షాపుకే వచ్చింది.

బుధవారం పొద్దున కవరు వచ్చింది.

"ఇరవై మూడు చీటీలమ్మాయ్" అన్నాడు మాస్టారు. "పేర్లుండవు, నంబర్లే. పేర్లు తర్వాత వాళ్లే అచ్చేయించుకుంటారట. శనివారం సాయంత్రానికి అన్నీ రెడీగా ఉండాలి."

"శనివారానికా? ఎంపిక ఆదివారం కదా?"

"ఆదివారమే."

"మరి ఈ కొలతలు ఎవరివి?"

మాస్టారు కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చూశాడు. "నన్నడుగుతావేంటి? మన దగ్గర ముందు మనిషి వస్తాడు, తర్వాత కొలత, ఆ తర్వాత బట్ట. వాళ్ల దగ్గర ముందు బట్ట, మనిషి ఆఖర్న వస్తాడు. మనకెందుకొచ్చిన గొడవ, కత్తెర ఆడించు."

ఆమె కవరు విప్పింది. లోపలి చీటీ చేతిలోకి తీసుకోగానే వేళ్లు ఆగిపోయాయి. మూడు మడతలు. అంచు మీద సన్నగా రెండు గీతలు.

రెండోది తీసింది. మూడు మడతలు, రెండు గీతలు. ఇరవై మూడూ అంతే.

అయిదు వారాలుగా ఆ గీతలు చూస్తే ఆమె చెంపలు వేడెక్కేవి. ఇప్పుడూ వేడెక్కాయి, కానీ ఇది వేరే వేడి. ఈ చీటీలు టైపు చేసింది ఆయనే. మడిచిందీ ఆయనే. అంటే ఆదివారం ఎవరు నెగ్గుతారో బుధవారానికే ఆయనకి తెలుసు. తెలిసీ, పొద్దున తమ్ముడి భుజం తట్టి "బాగా పరిగెత్తరా" అని ఆఫీసుకి వెళ్లాడు.

ఒకటో నంబరంటే గోల్‌కీపర్. ఆ చీటీ విప్పి చదివింది. ఛాతీ నలభై, నడుము నలభై రెండు, చెయ్యి ఇరవై మూడు, ఎడమ భుజం అర అంగుళం దిగుడు. ఆమె మళ్లీ చదివింది. ఫుట్‌బాల్ జెర్సీకి భుజం దిగుడు ఎవరు రాస్తారు? అది కోటు కుట్టేవాళ్లు చూసుకునే లెక్క. పైగా ఛాతీకన్నా నడుము ఎక్కువున్న గోల్‌కీపర్‌ని ఈ భూమ్మీద ఎవరు చూశారు?

ఆమె లేచి, మాస్టారి కొలతల పుస్తకం దించి పేజీలు తిప్పింది. నలభై, నలభై రెండు, ఇరవై మూడు, ఎడమ భుజం అర అంగుళం దిగుడు. పైన మాస్టారి రాతలో ఉంది: మంత్రిగారి అల్లుడు, సూటు, నీలం.

పాపం, అల్లుడుగారిని కొలతలు పంపమంటే, ఆటకీ కోటుకీ తేడా తెలియక సూటు కొలతలే పంపించేశాడన్నమాట.

చిన్నోడి కొలతలు ఆమెకి నోటికొచ్చు. పెళ్లికి ఇంటిల్లిపాదికీ బట్టలు కోసింది తనే. ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై, చెయ్యి ఇరవై ఏడు. ఇరవై ఏడంగుళాల చెయ్యి ఉన్న మనిషికి జనంలో దాక్కునే వీలు లేదు. ఇరవై మూడు చీటీల్లోనూ వెతికింది. ఆ చెయ్యి ఎక్కడా లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మరిది హాల్లో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"వదినా, వచ్చావా! ఏదైనా విసురు."

ఇది వాళ్ల రోజువారీ ఆట. ఉండచుట్టిన మేజోళ్లు, ఉల్లిపాయలు, ఒకసారి పొరపాటున ఉప్పు డబ్బా. ఆమె మేజోళ్ల ఉండ విసిరింది. అతను కుడివైపు దూకి పట్టుకుని, దబ్బున కింద పడి, మోచెయ్యి ఊదుకున్నాడు.

"ఎప్పుడు చూసినా కుడివైపే పడతావేం?"

"అలవాటు. చూడు, మోచెయ్యి చెక్కుకుపోయింది." చెయ్యి తిప్పి చూపించి నవ్వాడు. "నన్ను తీసుకుంటే నా జెర్సీ నువ్వే కొయ్యాలి వదినా. ఇదిగో, ఇక్కడ కాస్త మెత్త పెట్టు."

ఆమె తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయింది. కళ్లు మండాయి. ఉల్లిపాయలు ఇంకా తరగనే లేదు.

కాసేపటికి భర్త వచ్చాడు. ఈల వేసుకుంటూ వచ్చాడు. మామూలు రోజైతే ఆ ఈల వినగానే ఆమె గిన్నె మీద గరిటెతో దరువు వేసేది. ఇవాళ చెవులు రిక్కించింది. ఈ మనిషి అంత హుషారుగా ఉన్నాడేం?

"ఏమండీ, ఆఫీసులో పనెక్కువగా ఉందా?"

"ఎప్పుడూ ఉండేదే."

"టైపు పనా?"

"టైపు పనే. ఎందుకు?"

"ఊరికే. మీ బొటనవేలి గోరు అరిగిపోయింది. ఏవో చాలా కాగితాలు మడిచినట్టున్నారు."

ఆయన ఈల ఆగింది. చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. కుళాయి తాళం మాత్రం ఆగలేదు.

"ఒక మంచి మాట చెబుదామనుకున్నాను" అన్నాడు గోడ వంక చూస్తూ. "వచ్చే నెలలో మనకి క్వార్టర్ ఇస్తారట. బాల్కనీ ఉన్నది."

బాల్కనీ! పెళ్లయిన రెండో రోజు ఆమె అడిగిన ఒకే ఒక్క కోరిక. రెండు కుర్చీలు, రెండు టీ కప్పులు, కింద పోయే జనం. ఆ మాట వినగానే ఎగిరి గంతెయ్యాల్సిన కాళ్లు నేలకి అతుక్కుపోయాయి.

"ఇన్నేళ్లు ఇవ్వనివాళ్లు ఇప్పుడెందుకు ఇస్తున్నారు?"

"ఏమో. పెళ్లయిందని కాబోలు."

కాబోలట. భోజనాల దగ్గర అన్నదమ్ములిద్దరూ పెనాల్టీల గురించి మాట్లాడుకుంటుంటే, భర్త ఎన్నిసార్లు తమ్ముడి కళ్లలోకి చూశాడో లెక్కపెట్టింది. ఒక్కసారి కూడా చూడలేదు.

గురువారం మధ్యాహ్నం డబ్బా తెరిస్తే చీటీ ఉంది. 'చిన్నోడి ముందు ఆఫీసు సంగతులు ఎత్తకు.' మూడు మడతలు, రెండు గీతలు. ఆ చీటీని ఆమె సూదుల డబ్బాలో వెయ్యలేదు. ఆ రోజు తిండీ సహించలేదు.

చెప్పేస్తే? చెబితే చిన్నోడు పోటీకే వెళ్లడు. వెళ్లి అక్కడ గొడవపెడితే ముందు పోయేది అన్నయ్య ఉద్యోగం. చెప్పకపోతే ఆదివారం ఆ పిచ్చివాడు కుడి మోచెయ్యి చెక్కుకుపోయేలా దూకుతూ ఉంటాడు, అక్కడ ఇంకొకడి జెర్సీ ఇస్త్రీ అయి సిద్ధంగా ఉంటుంది. ఆ జెర్సీ కోసేది ఎవరు? తనే.

శుక్రవారం ఒకటో నంబరు బట్ట బల్ల మీదికి వచ్చింది. ముదురు పసుపు. ఎంత ముద్దొచ్చే రంగో! ఆమె సుద్దముక్క తీసుకుంది. ముందు అనుకున్నది ఒక్కటే. బిగుతుగా కోసెయ్యాలి. ఆదివారం సాయంత్రం అందరి ముందూ జెర్సీలు తొడుగుతారట. అల్లుడుగారి పొట్ట దగ్గర అది పట్టెయ్యాలి, కెమెరాలు చూడాలి, అంతే. కానీ ఊరికే పాడుచెయ్యడానికి బట్ట కొయ్యాలంటే ఆమె చెయ్యి సాగలేదు. కత్తెర పట్టిన నాటినుంచి ఎవరో ఒక మనిషిని మనసులో నిలబెట్టుకోకుండా ఆమె ఒక్క గుడ్డ కొయ్యలేదు. సుద్దముక్క కాసేపు గాలిలో ఊగి, తనకి తెలిసిన మనిషి దగ్గరికి తనే నడిచి వెళ్లింది. ఛాతీ ముప్పై ఎనిమిది. పక్కలు లోపలికి. చేతులు ఇరవై ఏడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ పని కుదిరినప్పుడు వచ్చే ఆ సంతోషం ఉంది చూశారూ, అది కళ్లకి గంతలు కడుతుంది. కుడి మోచేతి లోపలివైపు, రెండు పొరల మెత్తటి గుడ్డ పెట్టి, చుట్టూ చిన్న చిన్న కుట్లు తనే చేత్తో వేసింది.

మాస్టారు వచ్చి ఆ జెర్సీని వెలుగుకి పట్టుకుని చూశాడు.

"ఇది ఒకటో నంబరేనా?"

"ఒకటే మాస్టారూ."

"కొలతలు చూసే కోశావా?"

"చూసే కోశాను."

"ఎవరివి?"

ఆమె బల్ల మీది సుద్దపొడి తుడిచింది. మాస్టారు ఆ పొడుగాటి చేతుల్ని ఒకసారి నిమిరి, బల్ల మీద పెట్టాడు. గోడవైపు తిరిగిన ఫొటో దగ్గరికి వెళ్లి, దాని వీపు మీద దుమ్ము తుడిచాడు.

"ఈమధ్య నాకు చూపు తగ్గిందమ్మాయ్" అని, టీ తాగడానికి బయటికి వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం సంఘం ఆఫీసు నుంచి మనిషి రావాలి. ఒక్కో జెర్సీ చీటీతో సరిచూసి, టిక్కు పెట్టి తీసుకెళ్లాలి. ఎవరో ప్యూన్ వస్తాడనుకుంది. వచ్చింది ఆమె భర్త.

"నమస్కారం మాస్టారూ" అని, ఆమె వైపు తిరిగి, ఎర్రబడిన మొహంతో, "నమస్కారమండీ" అన్నాడు. ఇంకో రోజైతే ఆ 'అండీ'కి ఆమె వారం రోజులు నవ్వుకునేది.

ఆయన టేపు తీసి మొదలుపెట్టాడు. ఇరవై మూడు నుంచి వెనక్కి వస్తున్నాడు. కొన్నిటికి కొలిచాడు, కొన్నిటికి ఊరికే టిక్కు కొట్టాడు. రెండో నంబరు అయింది. ఒకటి అందుకున్నాడు. ఛాతీ కొలిచాడు. నడుము కొలిచాడు. చీటీ చూశాడు. మళ్లీ కొలిచాడు. చెయ్యి పొడవునా టేపు పరిచాడు. అప్పుడు ఆయన వేళ్లకి మోచేతి దగ్గర మెత్త తగిలింది.

ఆయన దాన్ని నొక్కి చూశాడు. తల ఎత్తి ఆమెని చూశాడు. నాలుగు రోజుల్లో ఆయన ఎవరి కళ్లలోకైనా తిన్నగా చూడటం అదే మొదటిసారి. తర్వాత పెన్ను తీసి టిక్కు పెట్టాడు. చీటీ మూడు మడతలు పెట్టి, అంచు మీద గోటితో సర్రు సర్రుమని రెండుసార్లు గీసి, జేబులో వేసుకున్నాడు.

"అన్నీ సరిపోయాయి మాస్టారూ" అన్నాడు.

ఆదివారం పొద్దున చిన్నోడు ఎగిరిన ఎగరడం చూసి మైదానంలో కూర్చున్న జనం లేచి నిలబడ్డారు. పన్నెండు పెనాల్టీలు కొడితే తొమ్మిది ఆపాడు. మంత్రిగారి అల్లుడు ఆలస్యంగా వచ్చి, నల్లకళ్లద్దాలు తీసి ఎవరికో ఇచ్చి, నాలుగు బంతులు ముట్టుకుని, మంచినీళ్లు తాగాడు. కత్తెరమ్మాయి మరిది సంచి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. పక్కన భర్త. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ.

సాయంత్రం మైదానం మధ్యలో వేదిక వేశారు. పోటీకి వచ్చినవాళ్లంతా పక్కన వరసగా నిలబడ్డారు. మంత్రి మైకు పట్టుకున్నాడు.

"ప్రతిభే ప్రమాణం! ఒకటో నంబరు..." అని, అల్లుడి పేరు చదివాడు.

చప్పట్లు రాలేదు. అల్లుడు చొక్కా మీదే జెర్సీ తొడుక్కోబోయాడు. తల దూరింది. చేతులు దూరాయి, కానీ వేళ్లు బయటికి రాలేదు. అవతల నాలుగంగుళాల గుడ్డ ఏనుగు తొండంలా వేలాడింది. మంత్రి నవ్వుతూ కిందికి లాగాడు. పొట్ట మీద ఆగింది. ఇద్దరు అధికారులు చెరోపక్కా పట్టుకుని లాగారు. ఎక్కడో ఒక కుట్టు పుటుక్కుమంది. జనం నవ్వడం మొదలుపెట్టారు. తొమ్మిది ఓటముల తర్వాత ఆ మైదానంలో జనం నవ్వడం అదే మొదలు.

"కొలతలు కూడా ఓడిపోయాయిరా!" అని ఎవరో అరిచారు.

"ఆ పొడుగోడికివ్వండి! పొద్దున ఆపినోడికి!" అని ఇంకొకరు.

ఆ మాట మెట్లన్నీ ఎక్కింది. పొడుగోడికి, పొడుగోడికి! మంత్రి ముప్పై ఏళ్లు ఊరికే రాజకీయం చెయ్యలేదు. గాలి ఎటు వీస్తోందో చెవి పెట్టి విని, రెండు చేతులూ పైకెత్తాడు. "ప్రజల కోరికే నా కోరిక!" అంటూ అల్లుడి నెత్తి మీంచి జెర్సీ ఊడబెరికి చిన్నోడి చేతికిచ్చాడు.

చిన్నోడు తొడుక్కున్నాడు. ఒంటికి చర్మంలా అతికింది. చేతులు మణికట్టు దగ్గర సరిగ్గా ఆగాయి. మైదానం దద్దరిల్లిపోయింది. కత్తెరమ్మాయి ఎగిరి గంతేసి, మధ్యలో ఖాళీ సంగతి మర్చిపోయి భర్త చెయ్యి పట్టుకుంది. ఆ ఒక్క నిమిషం అంత సంతోషం ఆమెకి పెళ్లినాడు కూడా లేదు.

టీవీ ఆయన వేదిక మైకు పట్టుకుని చిన్నోడి దగ్గరికి పరిగెత్తాడు. "అద్భుతం! మీకోసమే కుట్టినట్టుంది! ఈ మోచేతి దగ్గర ఇదేంటి?"

"మెత్తండి." చిన్నోడు చెయ్యి తడుముకుని చూసుకున్నాడు. మొహం వెలిగిపోయింది. "నేనెప్పుడూ కుడివైపే పడతాను కదా! మా వదిన పెట్టింది. నేనడిగాను, పెట్టేసింది!"

"మీ వదినా?"

"అవునండి, ఈ జెర్సీలు కోసేది ఆవిడే."

"మరి మీ అన్నయ్యగారు?"

"ఇక్కడే, సంఘం ఆఫీసులో" అని గర్వంగా మెట్లవైపు చెయ్యి చూపించాడు.

మైకు ఇంకా తెరిచే ఉంది. ఆ మాట మైదానమంతా వినబడింది. ముందు చప్పుడు తగ్గింది. తర్వాత గుసగుసలు బయల్దేరాయి. తలలు ఒక్కొక్కటిగా మెట్లమీదికి తిరిగాయి. కత్తెరమ్మాయి భర్త చెయ్యి వదల్లేదు, కానీ రెండు చేతులూ చల్లబడ్డాయి.

"అన్న ఆఫీసులో, వదిన షాపులో. బాగానే కుట్టుకున్నారు" అంది వెనక వరసలో ఒకావిడ.

"అందరూ అందరేనమ్మా. మనమే పిచ్చోళ్లం, నిజంగా పోటీ అనుకున్నాం" అన్నాడు ఆవిడ పక్కాయన.

ఆవిడని తప్పుపట్టడానికి లేదు. అయిదు రోజులుగా తనూ భర్తని ఇలాగే చూసింది కదా. మంత్రి మొహంలోకి మాత్రం నవ్వు మెల్లమెల్లగా తిరిగొచ్చింది. మైకు అందుకుని, చాలా బాధగా, "బంధుప్రీతిని మాత్రం నేను సహించను" అన్నాడు.

మిగతాది పేపర్లలో వచ్చింది. 'మరిదికి మెత్త, దేశానికి టోపీ' అని ఒక పేపరు పెద్ద అక్షరాలతో వేసింది. విచారణ సంఘం మళ్లీ హోటళ్లలో సమావేశమైంది. శనివారం జెర్సీలు సిద్ధమైతే ఆదివారం ఎంపికేమిటని ఎవరూ అడగలేదు. ఒకటో నంబరు జెర్సీ మాత్రం ఎవరికి కుట్టారని అందరూ అడిగారు. చిన్నోడిని జాబితాలోంచి కొట్టేశారు. భర్తని ఉద్యోగంలోంచి తాత్కాలికంగా పక్కనపెట్టారు. అల్లుడుగారు తన చోటు త్యాగం చేసినందుకు జట్టుకి మేనేజరయ్యాడు. గోల్‌కీపర్‌గా ఇంకెవరినో తీసుకెళ్లారు. పదో మ్యాచ్‌లో అయిదు గోల్స్ పడ్డాయి. మాస్టారు రేడియో కట్టేసి గోడవంక చూశాడు.

"ఇప్పుడు దీన్ని ఎటు తిప్పాలమ్మాయ్? గోడవైపు తిప్పడం అయిపోయింది కదా" అన్నాడు. ఆమెని ఒక్క మాట అనలేదు. మంత్రిగారింటి కొలతల పేజీ మాత్రం పుస్తకంలోంచి చింపి, దాంతో షాపు కిటికీ అద్దం తుడిచాడు.

భర్తతో ఆమె మాట్లాడింది ఎంపిక మర్నాడు, సోమవారం సాయంత్రం, వంటింట్లో, కుళాయి పక్కన.

"నిజం చెప్పండి. ఆ మెత్త చూసే టిక్కు పెట్టారా, తొందరలో పెట్టేశారా?"

"చూసే పెట్టాను."

"మరి బాల్కనీ?"

ఆయన గోరు కొరుక్కున్నాడు. "బాల్కనీ కూడా చూశాను. నాలుగు రోజులు అదే చూశాను. వాడితో చెబుదామంటే నోరు రాలేదు. నీతో చెబుదామంటే నువ్వు గోరు వంక చూస్తున్నావు. మెత్త చూశాక..." అని ఆగి, "మెత్త చూశాక ఇంకేం చూడబుద్ధి కాలేదు" అన్నాడు.

నమ్మాలా వద్దా? ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. కొలవడానికి టేపు అందని చోట్లు మనిషిలో కొన్ని ఉంటాయి. సగం నమ్మింది. మిగతా సగం నమ్మడానికి ఇంకా బోలెడు కాపురం ఉందిలే అనుకుంది. గురువారం నాటి చీటీ మాత్రం పర్సులోంచి తీసి, సూదుల డబ్బాలో అడుగున పెట్టింది.

అసలు దెబ్బ తర్వాతి నెలలో తగిలింది. పదో ఓటమి మర్నాడు, సెలవు పూట, చిన్నోడు మంచం మీద కూర్చుని చేతి తొడుగులు తిప్పి తిప్పి చూస్తున్నాడు. వాటిని అతను ఉతికి చాలా రోజులైంది.

"వదినా, ఒక మాట అడగనా? కోప్పడవు కదా?"

"అడుగు."

"ఆ రోజు తొమ్మిది పెనాల్టీలు ఆపాను కదా. నిజంగా ఆపానా? అన్నయ్య వాళ్లకేమైనా చెప్పాడా, మెల్లగా కొట్టమని?"

చోటు పోయింది సరే. ఆ తొమ్మిది బంతులు కూడా పోతున్నాయా? ఎవరూ లాక్కోలేరనుకున్న ఒక్క వస్తువూ అదే కదా.

"లే" అంది.

"ఎక్కడికి?"

"లే చెబుతాను. ఏమండీ, మీరూ రండి. బంతి తీసుకురండి."

ఇంటి వెనక సందులో రెండు బకెట్లు పెట్టి గోల్ చేసింది. చిన్నోడిని మధ్యలో నిలబెట్టింది. ఆ పసుపు జెర్సీ పెట్టెలోంచి తీసి అతని మీదికి విసిరింది. సంఘంవాళ్లు దాన్ని సాక్ష్యంగా తీసుకెళ్లి, ఎవరికీ పట్టదని తిప్పి పంపేశారు.

"తొడుక్కో. ఇక్కడ నీకు మెల్లగా కొట్టేవాళ్లెవరూ లేరు. మీ అన్నయ్య ఉద్యోగం పోయిన మనిషి, నేను బాల్కనీ పోయిన మనిషిని. ఎంత కోపంగా ఉన్నామో నీకే తెలుస్తుంది."

భర్త కొట్టాడు. చిన్నోడు ఆపాడు. మళ్లీ కొట్టాడు, ఆపాడు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, పళ్లు బిగబట్టి, గుమాస్తాగిరీ చేసినన్నాళ్లూ దాచుకున్న కోపమంతా కాలి బొటనవేలిలోకి తెచ్చుకుని తన్నాడు. చిన్నోడు కుడివైపు గాలిలో తేలి, వేలి కొసలతో బంతిని తోసేసి, మోచేతి మీద దబ్బున పడ్డాడు. లేచి మోచెయ్యి చూసుకున్నాడు. చెక్కుకుపోలేదు. నెల రోజుల తర్వాత అతని పెదవి చివర చిన్న వంపు కనబడింది.

"ఇప్పుడు నేను" అంది కత్తెరమ్మాయి. చెప్పులు విప్పి గోడవార పెట్టింది. నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి, కళ్లు మూసుకుని తన్నింది. బంతి ఎటు పోయిందో చూడలేదు. బకెట్ దొర్లిన చప్పుడు వినబడి కళ్లు తెరిచింది. బంతి ఎడమవైపు బకెట్‌ని రాసుకుంటూ లోపలికి పోయింది. చిన్నోడు కుడివైపు నేల మీద ఉన్నాడు.

భర్త ఈల వేశాడు. ఆమె మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని మరిది వంక చురచురా చూసింది.

"కావాలనే వదిలేశావు కదూ?"

"లేదు వదినా!"

"వదిన కదా పాపం అని వదిలేశావు."

"ఒట్టు వదినా, నిజంగానే పోయింది!" చిన్నోడు నేల మీదే కూర్చుని పగలబడి నవ్వుతున్నాడు. "నువ్వు గోల్ కొట్టావు, నమ్మవేం?"

ఆమె నమ్మలేదు. బంతి తెచ్చి మళ్లీ అక్కడే పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసింది.